రెండో చోట రాసిన లెక్క

కంప్యూటర్‌లో ఉన్న ఫైలుకు మరో ప్రతి తీసి, మొదటిది పోయినా దొరికేలా వేరే చోట ఉంచడమే బ్యాకప్. ఇందుకు కావలసిన పనిముట్లు కంప్యూటర్‌తో పాటే వస్తాయి. విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో టైమ్ మెషీన్, లినక్స్‌లో టార్, ఆర్‌సింక్. వీటిలో ఏదీ విడిగా కొనవలసింది కాదు. అయినా ఎన్నో ఇళ్ళలో, దుకాణాల్లో, చిన్న ఆఫీసుల్లో ఇవి ఒక్కసారి కూడా తెరవకుండానే కంప్యూటర్ పాతబడిపోతుంది. పనిముట్టు లేక ఫైళ్ళు పోవడం ఈ కాలంలో అరుదు. అలవాటు లేకనే పోతున్నాయి. కాబట్టి బ్యాకప్ గురించి చెప్పేటప్పుడు యంత్రం కన్నా ముందు నియమం గురించి చెప్పుకోవాలి. ఆ నియమం ఎలా ఉంటుందో కర్నూలు జిల్లా ఓర్వకల్లు మహిళలు తమ ఊళ్ళకు కంప్యూటర్లు రాకముందే చేసి చూపించారు.

కర్నూలు నుంచి నంద్యాల వెళ్ళే రహదారి మీద, రాతి గుట్టల నడుమ ఉన్న మెట్ట మండలం ఓర్వకల్లు. 2021లో మొదలైన విమానాశ్రయం వల్ల, పారిశ్రామిక వాడ వల్ల, రాక్ గార్డెన్ వల్ల ఇప్పుడా పేరు తరచుగా వినిపిస్తోంది. అంతకు చాలా ముందే ఆ మండలానికి పేరు తెచ్చింది పొదుపు సంఘాలు. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 1990ల నడుమ దక్షిణాసియాలో చేపట్టిన పేదరిక నిర్మూలన పథకం కింద ఇక్కడి మహిళలు చిన్న చిన్న సంఘాలు కట్టుకున్నారు. సంఘాలు కలిసి గ్రామ సమాఖ్యలయ్యాయి. అవన్నీ కలిసి మండల స్థాయిలో పొదుపు లక్ష్మి ఐక్య సంఘంగా నిలబడ్డాయి.

పొదుపు సంఘం సమావేశం నడిచే తీరులో ఒక వరస ఉంటుంది. చెప్పిన రోజున సభ్యులు కూర్చుంటారు. ఒక్కొక్కరి పొదుపు, అప్పు కంతు వసూలవుతుంది. ఆ మొత్తం సంఘం లెడ్జరులో ఎక్కుతుంది, సభ్యురాలి పాస్ పుస్తకంలోనూ ఎక్కుతుంది. తీర్మానాలు మినిట్స్ పుస్తకంలో రాసి అందరికీ చదివి వినిపిస్తారు. సంతకాలో వేలిముద్రలో పడతాయి. డబ్బు ఒక ఇంట్లో ఉండిపోకుండా బ్యాంకు ఖాతాకు చేరుతుంది. ఈ పద్ధతిలో నాలుగు సూత్రాలున్నాయి: కొంచెమే అయినా గడువు తప్పకుండా దాచడం, ఒకే లెక్కను రెండు చోట్ల రాయడం, దాచినదాన్ని ఇంటి బయట ఉంచడం, రాసినదాన్ని చదివి సరిచూసుకోవడం. ఫైళ్ళ బ్యాకప్‌కు కావలసినవీ ఈ నాలుగే. పొదుపు కరువు రాకముందు చేసే పని. కరువు వచ్చాక చేద్దామంటే చేతిలో ఏమీ మిగలదు. బ్యాకప్ కూడా అంతే.

రాష్ట్రమంతటా ఇప్పుడు ఈ లెక్కలు కాగితాల మీదే కాక కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ ఉంటున్నాయి. సంఘానికి బ్యాంకు మళ్ళీ అప్పివ్వాలంటే ఇంతకుముందు నడిచిన లెక్క సరిగా కనిపించాలి. భూమి లేని మనిషికి, జీతం పత్రం లేని మనిషికి ఆ లెక్కే పరపతి. కూలి డబ్బులోంచి మిగిల్చి కట్టిన మొత్తం ఎక్కడా రాసి లేకపోతే, కట్టానని చెప్పే ఆమె మాట ఒక్కటే మిగులుతుంది. బడిలో మార్కుల జాబితా, పంచాయతీలో స్కాన్ చేసిన పత్రాలు, డీటీపీ దుకాణంలో ఏళ్ళ తరబడి కూడిన పని, కర్నూలు జిల్లా కేతవరం గుహల్లోని ఆదిమ చిత్రాలకు ఔత్సాహికులు తీసిన ఫొటోలు కూడా ఇలాంటివే. పోయిన యంత్రాన్ని కొనవచ్చు. ఇవి అంగడిలో దొరికేవి కావు.

ఫైళ్ళు పోయే దారులు పలు రకాలు. ఏ దారికి ఏది అడ్డు అన్నది తెలిస్తేనే పనిముట్టును ఎంచుకోవడం కుదురుతుంది. మొదటిది డిస్కు చెడిపోవడం. హార్డ్ డిస్కులో పళ్ళేలు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటాయి. వాటి మీద చదివే తల తాకీ తాకనంత ఎత్తులో కదులుతుంటుంది. దెబ్బ తగిలినా, ఏళ్ళు గడిచి అరిగినా అది ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు గానీ, అది చెడిపోయే ముందు చప్పుడు చేసి హెచ్చరించదు. రెండోది కరెంటు. ఫైలు రాస్తుండగా సరఫరా ఆగితే ఆ ఫైలు సగంలో తెగిపోతుంది. ఒక్కోసారి డిస్కులోని పట్టికే దెబ్బతింటుంది. మూడోది మనిషి చేయి. పాత జాబితా మీద కొత్త జాబితాను అదే పేరుతో సేవ్ చేయడం, అక్కరలేదనుకుని అక్కరున్న ఫోల్డరును తొలగించడం ఎంత జాగ్రత్తగల ఆఫీసులోనైనా జరుగుతాయి. యంత్రం ఇక్కడ బాగానే ఉంటుంది, చెప్పినట్టే చేస్తుంది. పోయేది మాత్రం పోతుంది.

నాలుగోది చోటుకు చోటే నష్టపోవడం. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచాయి. కృష్ణా ప్రాజెక్టులకు ఎన్నడూ లేనంత వరద వచ్చి, రెండు నదుల కూడలిలో ఉన్న నగరంలోకి రాత్రికి రాత్రి నీళ్ళు చేరాయి. ఇళ్ళలోని దస్తావేజులు, సర్టిఫికెట్లు, దుకాణాల ఖాతా పుస్తకాలు, కంప్యూటర్లు ఒకే బురదలో కలిశాయి. అలాంటప్పుడు కంప్యూటర్ పక్కనే సొరుగులో పెట్టిన రెండో డిస్కు కూడా మొదటిదానితో పాటే మునుగుతుంది. వాన కోసం ఎదురుచూసే రాయలసీమలో వరద భయం ఎవరి లెక్కలోనూ ఉండదు. ఊహకు అందని ప్రమాదమే ఎక్కువ నష్టం చేస్తుందని ఆ అక్టోబరు చెప్పింది.

ఐదోది దురుద్దేశంతో రాసిన ప్రోగ్రాము. 2017 మే 12న ప్రపంచమంతా వ్యాపించిన వానాక్రై ఫైళ్ళను తాళం వేసినట్టు మార్చేసి, తాళం తీయడానికి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది ప్రవేశించిన సందును మూసే సవరణను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోని యంత్రాలు దొరికిపోయాయి. ఇంకో సంగతి గమనించాలి. విండోస్ తనలో తాను దాచుకునే షాడో కాపీలను వానాక్రై చెరిపేసేది. బ్యాకప్ ఉన్న చోటు ఆ ప్రోగ్రాముకు తెలుసు. ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచే డిస్కు కూడా ఇలాంటి దాడిలో మిగలదు.

ఇన్ని దారులు ఉన్నాయి కాబట్టి ముందు ఏది దాచాలో తేల్చుకోవాలి. కంప్యూటర్‌లో ఉండేవి రెండు రకాలు. ఆపరేటింగ్ సిస్టమ్, దానిమీద వేసిన ప్రోగ్రాములు ఒక రకం. పోతే మళ్ళీ వేసుకోవచ్చు. మనిషి కూర్చుని తయారుచేసిన పత్రాలు, పట్టికలు, ఫొటోలు, ఉత్తరాలు రెండో రకం. ఇవి పోతే మళ్ళీ పుట్టవు. బ్యాకప్‌లో మొదటి చోటు వీటిదే. ఇవి ఎక్కడున్నాయో యజమానికి తెలియకపోవడం తరచుగా కనిపించే చిక్కు. కొన్ని డాక్యుమెంట్స్‌లో, కొన్ని డెస్క్‌టాప్ మీద, కొన్ని డౌన్‌లోడ్స్‌లో, ఇంకొన్ని వాట్సాప్‌లో చెదిరి ఉంటాయి. బ్యాకప్‌కు ముందు చేయవలసిన మొదటి పని వాటిని ఒక పెద్ద ఫోల్డరు కిందికి తేవడం, ఏడాది పేరుతో, పని పేరుతో లోపల అరలు చేయడం.

తెలుగు నాట దుకాణాల్లో పాతుకుపోయిన ఒక నమ్మకాన్ని ఇక్కడ సరిచేయాలి. సీ డ్రైవ్‌లో ఉంటే పోతాయి, డీ డ్రైవ్‌లో పెడితే భద్రం అని చాలామంది అనుకుంటారు. ఈ నమ్మకానికి ఒక కారణం ఉంది. విండోస్ పాడై మళ్ళీ వేసేటప్పుడు సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తారు, డీ డ్రైవ్ అలాగే మిగులుతుంది. కానీ మామూలు కంప్యూటర్‌లో ఆ రెండూ ఒకే డిస్కుకు గీసిన రెండు గడులు. డిస్కు ఆగిపోతే రెండూ ఆగిపోతాయి. దొంగ ఎత్తుకుపోతే రెండూ పోతాయి. సీ నుంచి డీకి కాపీ చేయడం బ్యాకప్ కాదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే బ్యాకప్ పనిముట్టు ఉండాలన్న ఆలోచన పాతదే. యూనిక్స్ ఏడో ముద్రణతో 1979లో టార్ వచ్చింది. ఫైళ్ళను ఒక మూటగా కట్టి టేపు మీదికి ఎక్కించడం దాని పని. 1983లో ఎంఎస్-డాస్ రెండో ముద్రణ హార్డ్ డిస్కును వాడటం మొదలుపెట్టినప్పుడే, ఆ డిస్కును ఫ్లాపీలలోకి దింపే బ్యాకప్ ఆదేశం, తిరిగి తెచ్చే రిస్టోర్ ఆదేశం జంటగా వచ్చాయి. విండోస్ ఎన్‌టీ నుంచి ఎక్స్‌పీ దాకా ఎన్‌టీ బ్యాకప్ అనే ప్రోగ్రాము ఉండేది. విస్టాతో అది వెళ్ళిపోయింది, దాని మూటలను కొత్త పనిముట్టు విప్పలేకపోయింది. పాతవి విప్పడానికి మైక్రోసాఫ్ట్ విడిగా మరో ప్రోగ్రాము ఇవ్వవలసి వచ్చింది. ప్రత్యేకమైన మూట కట్టే పనిముట్టు కన్నా, ఫైలును ఫైలుగానే ఉంచే పనిముట్టు దీర్ఘకాలానికి మేలని ఈ చరిత్ర చెబుతుంది. అలా ఉంచితే ఏ కంప్యూటర్‌లోనైనా ఆ ఫైలును నేరుగా తెరవవచ్చు.

2012లో విండోస్ 8తో వచ్చిన ఫైల్ హిస్టరీ ఆ తరహాది. విండోస్ 10లో, 11లో కూడా ఉంది. 11లో మాత్రం కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి వెతకాలి. యూఎస్‌బీ డిస్కును గానీ నెట్‌వర్క్‌లోని మరో చోటును గానీ చూపించి 'టర్న్ ఆన్' నొక్కితే అది పని మొదలుపెడుతుంది. మొదటిసారి అన్నిటినీ కాపీ చేస్తుంది. ఆ తర్వాత, వేరుగా చెప్పకపోతే, గంటకొకసారి చూసి మారిన ఫైళ్ళను మాత్రమే తీసుకుంటుంది. ఈ వ్యవధిని పది నిమిషాల నుంచి రోజుకొకసారి దాకా మార్చుకోవచ్చు. పాత ప్రతిని చెరపకుండా ప్రతి కాపీకీ తేదీ, సమయం చేర్చి దాచడం దీని అసలు బలం. మంగళవారం సాయంత్రం జాబితా పాడైతే, ఆ మధ్యాహ్నం ఎలా ఉందో తెచ్చుకోవచ్చు. మనిషి చేతి పొరపాటుకు ఇంతకన్నా మంచి మందు లేదు.

దీనికి హద్దులూ ఉన్నాయి. డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్ లైబ్రరీలను, డెస్క్‌టాప్‌ను, కాంటాక్ట్స్‌ను, ఫేవరెట్స్‌ను మాత్రమే అది తనంతట తాను చూస్తుంది. డీ డ్రైవ్‌లో సొంతంగా తెరిచిన ఫోల్డరును లైబ్రరీలో చేర్చితే తప్ప ముట్టుకోదు. డీ డ్రైవ్ అలవాటు ఉన్న చోట ఫైల్ హిస్టరీ ఏళ్ళ తరబడి నడిచినా, అసలు ఫైళ్ళ జోలికి పోకుండా ఉండే ప్రమాదం ఉంది. ఆన్ చేసిన మర్నాడే బ్యాకప్ డిస్కు తెరిచి, కావలసినవి అందులో ఉన్నాయో లేదో చూడటం అందుకే అవసరం.

విండోస్ 7 కాలం నాటి బ్యాకప్ అండ్ రిస్టోర్ కూడా తర్వాతి ముద్రణల్లో పాత పేరుతోనే మిగిలి ఉంది. దానిలో ముఖ్యమైనది సిస్టమ్ ఇమేజ్. ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు, సెట్టింగులు, ఫైళ్ళు అన్నీ కలిపి డిస్కు మొత్తానికి తీసే అచ్చు అది. డిస్కు మార్చిన రోజున ఒక్కొక్క ప్రోగ్రాము వేసుకునే శ్రమ తప్పుతుంది. ఇది చాలా చోటు తీసుకుంటుంది కాబట్టి ఏడాదికి రెండు మూడు సార్లు తీస్తే చాలు. రోజువారీ పనికి ఫైల్ హిస్టరీ సరిపోతుంది.

ఆదేశాలు టైపు చేయడానికి వెనుకాడని వారికి రోబోకాపీ ఉంది. విస్టా నుంచి విండోస్‌లో భాగమైంది. ఒక ఫోల్డరును ఇంకో చోటికి కాపీ చేసి, రెండోసారి నుంచి మారినవాటినే తీసుకెళుతుంది. దాన్ని టాస్క్ షెడ్యూలర్‌తో ముడివేస్తే చెప్పిన వేళకు తనంతట తానే నడుస్తుంది. అయితే దానిలోని 'మిర్రర్' పద్ధతిని ఆలోచించి వాడాలి. మొదటి చోట లేని ఫైలు రెండో చోట ఉంటే ఆ పద్ధతి దాన్ని తొలగిస్తుంది. పొరపాటున ఖాళీ ఫోల్డరును చూపిస్తే బ్యాకప్ మొత్తం ఖాళీ అవుతుంది.

బ్యాకప్‌లా కనిపించి కానివి మరికొన్ని ఉన్నాయి. సిస్టమ్ రిస్టోర్ విండోస్ సెట్టింగులను పాత తేదీకి తీసుకెళుతుంది. పత్రాలను, ఫొటోలను కాపాడటం దాని పని కాదు. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటివి చేసేది ముఖ్యంగా సింక్, అంటే ఇక్కడ ఉన్నదాన్ని అక్కడ కూడా అలాగే ఉంచడం. ఇక్కడ తొలగిస్తే అక్కడా తొలగిపోతుంది. వాటిలో చెత్తబుట్ట ఉంటుంది గానీ దానికి గడువుంది. సొంత వన్‌డ్రైవ్ ఖాతాలో అది 30 రోజులు. ఇంటి బయట ప్రతి ఉంచడానికి సింక్ మంచి దారే. అదొక్కటే చాలదు.

మ్యాక్ వాడేవారికి 2007లో వచ్చిన టైమ్ మెషీన్ ఉంది. గత 24 గంటలకు గంటకొక ప్రతి, గత నెలకు రోజుకొక ప్రతి, అంతకు ముందు కాలానికి వారానికొక ప్రతి ఉంచుతుంది. డిస్కు నిండాక పాతవాటిని తీసేస్తుంది. దగ్గరి కాలానికి వివరం ఎక్కువ, దూరపు కాలానికి తక్కువ అన్న ఈ పద్ధతి వేరే ఏ పనిముట్టుతో బ్యాకప్ చేసేవారికైనా అనుసరించదగింది. లినక్స్‌లో టార్ నేటికీ నడుస్తోంది. దానితో పాటు ఆర్‌సింక్ ఉంది. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో విడుదల చేసిన ఈ ప్రోగ్రాము నెట్‌వర్క్ మీద పంపేటప్పుడు, పెద్ద ఫైలులో మారిన ముక్కలను మాత్రమే పంపుతుంది. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉండే ఊళ్ళలో ఇది ఎంతో ఉపకారి. చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌తో దానికి వేళలు పెట్టవచ్చు. ఆదేశాలు వద్దనుకునేవారికి ఉబుంటులో బ్యాకప్స్ అనే ప్రోగ్రాము కూడా ఉంది.

పల్లెలో చాలామందికి ఉన్న కంప్యూటర్ ఫోనే. ఆండ్రాయిడ్‌లో సెట్టింగుల్లోకి వెళితే గూగుల్ బ్యాకప్ కనిపిస్తుంది. కాంటాక్టులు, మెసేజీలు, కాల్ జాబితా, కొన్ని యాప్‌ల సమాచారం అందులోకి వెళతాయి. ఫొటోలకు గూగుల్ ఫొటోస్‌లో విడిగా ఆన్ చేయాలి. ఉచితంగా వచ్చే 15 జీబీని మెయిలు, డ్రైవ్, ఫొటోలు పంచుకుంటాయి కాబట్టి వీడియోలు ఎక్కువున్న ఫోనులో అది తొందరగానే నిండుతుంది. నిండిన తర్వాత కొత్తవి చేరవు. నెలకొకసారి కేబులు తగిలించి ఫొటోలను కంప్యూటర్‌లోకి దించుకుంటే, అవీ అక్కడి బ్యాకప్‌లో కలుస్తాయి.

ఇక ఎన్ని ప్రతులు, ఎక్కడెక్కడ అన్న ప్రశ్న. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో 2005లో తెచ్చిన తన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన 3-2-1 సూత్రం దీనికి తేలికైన జవాబు: మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. దీనివెనుక ఉన్న ఎరుక కర్నూలు జిల్లాకు కొత్త కాదు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దిలో అశోకుడు తన ధర్మ సందేశాన్ని ఒక్క రాతి మీద చెక్కించి వదల్లేదు, దేశమంతటా చెక్కించాడు. గుత్తికి దగ్గరలోని ఎర్రగుడిలో ఉన్న లఘు శిలాశాసనం పాఠమే పత్తికొండ ప్రాంతంలోని రాజుల మందగిరి బండ మీద కూడా ఉంది. ఆ బండ మీది అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. ఎర్రగుడి పాఠం పక్కన ఉంది కాబట్టే అక్కడ ఏముందో అర్థమవుతుంది. ఒక ప్రతిలో పోయిన మాటను ఇంకో ప్రతి పూరించడం అంటే ఇదే.

వేరే చోటు అంటే ఎంత దూరం? ఒకే ప్రమాదం రెండింటినీ తాకనంత దూరం. కర్నూలులో నదీతీరాన ఉన్న ఆఫీసు ప్రతి, పాతిక కిలోమీటర్ల దూరాన మెట్ట మీద ఉన్న ఓర్వకల్లులో ఉంటే వరదకు దొరకదు. ఓర్వకల్లు ఆఫీసు ప్రతి కర్నూలు బంధువుల ఇంట్లో ఉంటే, ఓర్వకల్లులో జరిగే దొంగతనానికో నిప్పుకో దొరకదు. రెండు డిస్కులు పెట్టుకుని, ఒకటి ఆఫీసులో ఒకటి బయట ఉంచి, నెలనెలా మార్చుకుంటే ఇంటర్నెట్ లేకుండానే ఈ నియమం నెరవేరుతుంది. బయట ఉన్న డిస్కు ఏ కంప్యూటర్‌కూ తగిలించి ఉండదు కాబట్టి వానాక్రై లాంటివాటికీ అందదు.

దాచే సాధనానికీ ఆయుష్షు ఉంటుంది. పెన్ డ్రైవ్ తీసుకెళ్ళడానికి తేలిక, పోగొట్టుకోవడానికీ అంతే తేలిక, దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్ 4 జీబీ దాటిన ఒక్క ఫైలును పట్టుకోలేదు. పెద్ద వీడియోలున్నవారు ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎంచుకోవాలి. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి పడి ఉన్న ఎస్‌ఎస్‌డీ తనలోని సమాచారాన్ని మెల్లగా కోల్పోవచ్చు. నాలుగైదేళ్ళకొకసారి కొత్త డిస్కులోకి మార్చుకోవడం మంచిది. రాయలసీమ ఎండకు, దుమ్ముకు డిస్కును వదలకుండా పెట్టెలో, నీడన ఉంచాలి.

సాధనం మిగిలినంత మాత్రాన లోపలి మాట మిగిలినట్టు కాదు. కడప సీమలోని తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య సంకీర్తనలను ఆయన తర్వాతి తరం వారు రాగి రేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రపరిచారు. తాటాకు కన్నా రాగి గట్టిది, ఆ ఎంపిక సరైనది. కానీ ఆ భండారం శతాబ్దాల పాటు చదివేవారు లేకుండా ఉండిపోయి, 1920ల్లో గానీ మళ్ళీ వెలుగులోకి రాలేదు. 32 వేల సంకీర్తనలు రాశాడని చెప్పే కవివి నేడు దొరుకుతున్నవి సుమారు 14 వేలు. గట్టి లోహం మీద రాసినవి మిగిలాయి. అవి ఉన్నాయన్న సంగతి అందరికీ తెలిసి ఉంటే పాట మాత్రం మౌనంగా ఉండేది కాదు.

తెలుగు ఫైళ్ళ విషయంలో ఈ చిక్కు నేటికీ ఉంది. ఊరూరా డీటీపీ దుకాణాల్లో ఏళ్ళ తరబడి అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో పని జరిగింది. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. పేజ్‌మేకర్‌ను అడోబ్ ఎప్పుడో ఆపేసింది; 2001 నాటి ఏడో ముద్రణే చివరిది. అలాంటి ఫైలును ఎంత భద్రంగా దాచినా, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి ఫైలుతో పాటు ఫాంట్లను కూడా బ్యాకప్ చేయాలి. ఇంకా మేలైన పని, ముఖ్యమైనవాటిని పీడీఎఫ్‌గా ఒక ప్రతి, యూనికోడ్ తెలుగులోకి మార్చి ఒక ప్రతి ఉంచడం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోని మొదటి ముద్రణలోనే చోటు దొరికింది. అలా రాసిన అక్షరం ఏ యూనికోడ్ తెలుగు ఫాంటు ఉన్నా తెలుగుగానే కనిపిస్తుంది.

ప్రతులు పెరిగిన కొద్దీ గోప్యత బాధ్యత కూడా పెరుగుతుంది. సంఘం పట్టికలో ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, ఎవరు ఎంత అప్పు తీసుకున్నారన్న వివరాలు ఉంటాయి. బంధువుల ఇంట్లో పెట్టిన డిస్కులో అవి తెరిచిన పుస్తకంలా ఉండకూడదు. విండోస్ ప్రో ముద్రణలోని బిట్‌లాకర్‌తో యూఎస్‌బీ డిస్కు మొత్తానికి తాళం వేయవచ్చు. మ్యాక్‌లో టైమ్ మెషీన్ మొదలుపెట్టేటప్పుడే ఎన్‌క్రిప్ట్ చేయమని చెప్పవచ్చు. ఆ తాళపు పాస్‌వర్డును, బిట్‌లాకర్ ఇచ్చే రికవరీ కీని కాగితం మీద రాసి వేరే చోట దాచాలి. అవి పోతే ఫైళ్ళూ పోయినట్టే. తయారీదారు కూడా తెరవలేడు.

అన్నిటికన్నా ఎక్కువగా వదిలేసే మెట్టు చివరిది: సరిచూడటం. కడపలో పనిచేసిన కాలంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు కావ్యాలకు ఒక తాటాకు ప్రతి దొరికితే తృప్తిపడలేదు. ఒకే కావ్యానికి పలు ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్పించి, తప్పులు దిద్దించి శుద్ధ ప్రతులు రాయించాడు. ప్రతి ఉందన్న ధైర్యం వేరు, ఉన్న ప్రతి సరైనదన్న నమ్మకం వేరని ఆయనకు తెలుసు. ఆ పని జరిగిన చోట ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది. కంప్యూటర్ బ్యాకప్‌లోనూ ఈ తేడా ఉంది. 'బ్యాకప్ పూర్తయింది' అన్న సందేశం కాపీ జరిగిందని చెబుతుంది. అందులోని ఫైలు తెరుచుకుంటుందని చెప్పదు.

సరిచూడటం కష్టమేమీ కాదు. నెలకొకసారి బ్యాకప్‌లోంచి రెండు మూడు ఫైళ్ళను మరో ఫోల్డరులోకి రిస్టోర్ చేయాలి, తెరవాలి, మొదటివాటితో పోల్చాలి. ఏడాదికొకసారి వేరే కంప్యూటర్ మీద మొత్తం ఫోల్డరును తెచ్చి చూడాలి. అప్పుడే తెలుస్తుంది, ఏ ఫోల్డరు వదిలిపోయిందో, ఏ ఫాంటు లేదో, ఏ పాస్‌వర్డు ఎవరికీ గుర్తు లేదో. లెక్కల సాఫ్ట్‌వేర్ ఫైళ్ళయితే ఆ ప్రోగ్రాము మూసేశాకే కాపీ తీయాలి. తెరిచి ఉండగా తీసిన ప్రతి ఒక్కోసారి తిరిగి తెరుచుకోదు. సంఘంలో డబ్బు దాచుకున్న మనిషికి అవసరం పడిన రోజున అది చేతికి రాకపోతే దాన్ని పొదుపు అనలేరు. తిరిగి తెచ్చుకోలేని బ్యాకప్‌కూ అదే తీర్పు.

ఈ పనికి ఒక మనిషి పేరు రాసి ఉండాలి. సంఘంలో పుస్తకాలు రాసే బాధ్యత ఫలానావారిదని అందరికీ తెలుసు. ఆఫీసు కంప్యూటర్‌కు అలాంటి పేరు ఉండదు, అందరూ వాడతారు, ఎవరూ దాచరు. బాధ్యుల పేరు, డిస్కు ఉన్న చోటు, కీ ఉన్న చోటు, చివరిసారి సరిచూసిన తేదీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించకుండా బీరువాలో ఉంచితే, ఆ మనిషి ఊళ్ళో లేని రోజున కూడా పని ఆగదు. సమావేశం రోజే బ్యాకప్ రోజు కూడా అయితే మరిచిపోవడం ఉండదు.

చేయవలసింది ఇంతే. ముఖ్యమైన ఫైళ్ళను ఒక చోటికి తేవాలి. ఒక యూఎస్‌బీ డిస్కు తగిలించి ఫైల్ హిస్టరీని గానీ, టైమ్ మెషీన్‌ను గానీ, ఆర్‌సింక్‌ను గానీ ఆన్ చేయాలి. రెండో డిస్కును వేరే ఊళ్ళో ఉంచి నెలనెలా మార్చాలి. ఫాంట్లు మరవకూడదు, తాళం వేయాలి, కీని విడిగా దాచాలి. నెలకొకసారి తీసి చదివి చూడాలి. డిస్కు ఖర్చు తప్ప వీటిలో దేనికీ డబ్బు అక్కరలేదు, పెద్ద చదువూ అక్కరలేదు. పుస్తకంలో రాసిన లెక్కను ఇన్నేళ్ళుగా కాపాడుకొస్తున్న మహిళలకు కంప్యూటర్‌లోని లెక్కను కాపాడటం కొత్త విద్య కాదు. ఉన్న నియమాన్నే ఇంకో యంత్రం మీద పాటించడం.